బకీసియో పెదనాన్న మాటు

మా పెదనాన్న బకీసియో మా ఇంటి పిల్లల్లో పదకొండు మందికి వేట నేర్పాడు. పన్నెండోది గొనారియా, ఆయన కూతురి కూతురు. ఈ పన్నెండు మందిలో ఒక్కరి చేతికీ మూడు శీతాకాలాలు గడిచేదాకా తుపాకి తగలనివ్వలేదు. తగలనివ్వడం సంగతి అటుంచండి, గోడకి వేలాడే తుపాకి వంక కాస్త ఎక్కువసేపు చూసినా ఊరుకునేవాడు కాదు.

"ఏంట్రా అట్టా చూస్తన్నావు? అదేమన్నా నిన్ను పిలిచిందా?" అనేవాడు.

ఆ పదకొండు మందిలో నేను నాలుగోవాణ్ణి. పేరు మికేలి. యాభై రెండేళ్ళొచ్చాయి, రోడ్లు బాగుచేసే పని చేస్తాను. పోయిన డిసెంబరులో జరిగిన దాని గురించి ఊళ్ళో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. అక్కడ లేనివాళ్ళే ఎక్కువ చెబుతున్నారు. అందుకని ఉన్నవాణ్ణి నేను చెబుతున్నాను.

మాది సార్డీనియా దీవి నడుమ కొండల్లో ఒరుస్కే అనే ఊరు. నవంబరు నుంచి జనవరి చివరిదాకా ఆదివారం పొద్దున మా చర్చిలో ఆడవాళ్ళూ పాదిరీగారూ తప్ప ఎవరూ ఉండరు. పాదిరీగారు కూడా ప్రసంగం తొందరగానే ముగిస్తారు. అడవిపంది మాంసంలో ఆయనకీ ఒక పోగు ఉంటుంది మరి.

ఎండాకాలంలో పెదనాన్న పని బెండుచెట్ల బెరడు ఒలవడం. సీసాల బిరడాలు చేసేది ఆ బెరడుతోనే. గొడ్డలి కాస్త లోతుకి దిగితే చెట్టు దెబ్బతింటుంది, పైపైన తగిలితే బెరడు ఊడదు. ఎంత దిగిందో కంటికి తెలియదు, చప్పుడుని బట్టి పోల్చుకోవాలి. యాభై ఏళ్ళు ఆ పని చేసి చేసి ఆయనకి తన చెవుల మీద గొప్ప నమ్మకం కుదిరింది. చివరికి ఆయన కొంప ముంచింది ఆ నమ్మకమే.

వేట నేర్పడంలో ఆయన పద్ధతి ఆయనది. మొదటి శీతాకాలం పిల్లలు తోలేవాళ్ళ వెంట తిరగాలి. కుక్కల్ని పట్టుకుని లోయలోకి దిగి, కేకలు పెడుతూ, డబ్బాలు మోగిస్తూ పందుల్ని పైకి తోలేది వాళ్ళే. ముళ్ళకి ఒళ్ళంతా గీసుకుపోతుంది, లాగు చిరుగుతుంది, ఇంటికెళ్ళాక అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగుతుంది. అదంతా పడ్డవాడికి రెండో ఏడు మాటులో చోటు దొరుకుతుంది. పైన కొండవాలులో ఒక్కో వేటగాడూ ఒక్కో చోట తుపాకితో పొంచి ఉంటాడు. అదే మాటు. ఆయన పక్కన రాయి మీద కూర్చోవాలి. వేట ముగిసిందని కొమ్ము ఊదేదాకా లేవకూడదు, నోరెత్తకూడదు, ముక్కు చీదకూడదు. మూడో ఏడు మాంసం పోగులు వేసేటప్పుడు పనికి పిలుస్తారు.

మాటులో పిల్లలకి ఒక్క మాట అనే హక్కు మాత్రం ఇచ్చాడు. "ఆగు" అనొచ్చు. ఆ మాట వినబడితే ఎంత గొప్ప వేటగాడైనా తుపాకి దించాలి. ఎందుకు, ఏమిటి అని అప్పుడు అడగకూడదు. వాళ్ళ తాత ఆయనకి అట్లాగే నేర్పాడట.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఆ మాట వాడాను. ఆ ఏడాది మొత్తానికి పెద్ద పంది, గాడిదంత ఉంది, మా ముందుకొచ్చింది. పెదనాన్న తుపాకి ఎత్తాడు. దాని వెనక పొదలో నాకు మనిషి టోపీ కనబడింది. "ఆగు" అన్నాను. ఆయన వెంటనే దించేశాడు. పంది మా వంక ఒకసారి చూసి తీరిగ్గా వెళ్ళిపోయింది. తీరా వెళ్ళి చూస్తే అది టోపీ కాదు, ఎండిపోయిన పుట్టగొడుగు. సాయంత్రం జట్టంతా నన్ను పట్టుకుని ఒక ఆట ఆడుకున్నారు. "పుట్టగొడుగుకి ప్రాణదానం చేశాడురా" అని ఒకడు, "ఇంటికి తీసుకెళ్ళి దానికి బట్టలు కుట్టించు" అని ఇంకొకడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పెదనాన్న చేతిలో ఉన్న రొట్టె పక్కన పెట్టి అందరి వంకా చూశాడు.

"వాడు ఆగమన్నాడు. నేను ఆగాను. ఇందులో నవ్వేదేముంది? రేపు మీ పక్కన వీడు కూర్చుంటాడు. ఇయ్యాళ మీరు నవ్వితే రేపు వాడు ఆగమనడు. అప్పుడు ఎవరి టోపీకి తూటా తగిలిద్దో ఆలోచించుకోండి."

ఎవరూ మళ్ళీ నవ్వలేదు. మా నాన్న నన్ను ఎప్పుడూ అంతగా వెనకేసుకొచ్చిన పాపాన పోలేదు. ఆ రోజు నుంచి పెదనాన్న కొండ మీదనుంచి దూకమన్నా దూకేవాణ్ణి.

గొనారియా వంతు వచ్చేసరికి ఇంట్లో పెద్ద గొడవ. అప్పటిదాకా పదకొండు మందీ మగపిల్లలే. గొనారియా తల్లి మరియాంజెలా వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నాన్నా, నీకేమన్నా మతిపోయిందా? ఆడపిల్లకి ముళ్ళల్లో తిరిగే ఖర్మేంటి?"

"నీకు నేర్పలేదని ముప్పై ఏళ్ళ నుంచి నన్ను సాధిస్తన్నావు. ఇప్పుడు నీ కూతురికి నేర్పుతానంటే ఇట్టా లేస్తన్నావు. ఏదో ఒకటి తేల్చుకోవే" అన్నాడు పెదనాన్న.

మరియాంజెలా తేల్చుకోలేక మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. దాన్నే ఒప్పుకోవడం అనుకున్నాడాయన.

జట్టులో అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది లరెంతు. తోలేవాళ్ళకి పెద్ద వాడే. కుక్కలన్నీ వాడివే. పెళ్ళాం పిల్లలు లేరు, ఉన్నదంతా కుక్కలే. అందులో బలెంతా అనే ఆడకుక్కంటే ప్రాణం. చలి ఎక్కువైతే దాన్ని తన మంచం మీదే పడుకోబెట్టుకుంటాడని ఊరంతా తెలుసు. వాడు మా పెదనాన్నని చిన్నప్పటినుంచీ మామా అని పిలుస్తాడు, చుట్టరికం ఏమీ లేకపోయినా.

"ఏం మామా, వచ్చే ఏడు మేకపిల్లల్ని కూడా జట్టులో చేర్చుకుంటావా?" అన్నాడు, పదేళ్ళ గొనారియాని చూసి.

"నిన్ను చేర్చుకున్నారు గదా మావయ్యా. మేకపిల్లలొస్తే తప్పేంటి?" అంది ఆ పిల్ల.

లరెంతు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ ఏడాదంతా తన కుక్కల వెంట దాన్ని తిప్పుకున్నాడు. బలెంతా తాడు పట్టుకోనిచ్చింది ఆ పిల్ల ఒక్కదానికే.

రెండో ఏడు గొనారియా తాత పక్కన మాటులో కూర్చుంది. నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. అప్పటికే పెదనాన్న చూపులో తేడా నాకు కనబడుతూనే ఉంది. గ్లాసు పక్కన వైన్ పోసి "ఈ బల్ల వంకరగా ఉందిరా" అనేవాడు. ఎదురుగా వచ్చినవాళ్ళు పలకరించేదాకా పలికేవాడు కాదు. కొండ ఎక్కేటప్పుడు గొనారియాని ముందు నడవమనేవాడు. "దారి నేర్చుకుంటది గదా" అనేవాడు. ఎంత బాగా నేర్పుతున్నాడో అని మేమంతా మెచ్చుకున్నాం. నిజానికి ఆయన ఆ పిల్ల భుజం పట్టుకుని నడుస్తున్నాడు. డెబ్బై మూడేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళుగా జట్టుకి పెద్ద. ఆయన దగ్గరికి వెళ్ళి "నీ కళ్ళు పోయినాయి, తుపాకి దించు" అని చెప్పే దమ్ము నాకు లేకపోయింది. ఎవరికీ లేకపోయింది.

డిసెంబరు మొదటి ఆదివారం. రాత్రంతా వాన పడి తెల్లారాక తెరిపిచ్చింది. పెదనాన్న ఎప్పటిలాగే ఎవరెవరు ఏ మాటులో ఉండాలో చెప్పాడు. నాది ఆయన మాటుకి ముప్పై అడుగులు పైన. కింద ఆయన టోపీ, పక్కన గొనారియా ఎర్ర కోటు నాకు స్పష్టంగా కనబడుతున్నాయి.

లోయలో కేకలు మొదలయ్యాయి. ఒక పంది పైకొచ్చి పెదనాన్న మాటుకి ఎడమగా పొదల్లోంచి దూసుకుపోయింది. ఆయన ఎత్తేలోపే దాటిపోయింది. కాసేపటికి అదే పొదలో మళ్ళీ కొమ్మలు విరుగుతున్న చప్పుడు. పెదనాన్న తుపాకి చప్పుడు వైపు తిరిగింది.

"ఆగు" అంది గొనారియా.

నాకు వినబడింది. ముప్పై అడుగుల దూరంలో ఉన్న నాకే వినబడింది. పెదనాన్న దించలేదు.

"తాతా, ఆగు!"

రెండోసారి అంటూ ఆ పిల్ల ఆయన చేతిని పట్టుకుని లాగింది. తుపాకి పేలింది. పొదలోంచి వచ్చిన అరుపు పందిది కాదు.

కొమ్ము ఊదాక మేమంతా ఎప్పుడూ కూడే బండ దగ్గర చేరేసరికి లరెంతు అక్కడే ఉన్నాడు. బలెంతాని తన కోటులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. కోటు తడిసిపోయింది. కుక్క అప్పటికే పోయింది. వాడు ఏడవడం నేను మొదటిసారి చూశాను. మొహం తుడుచుకోవాలన్న ఆలోచన కూడా లేదు వాడికి.

"ఎవరు కొట్టారు?" అన్నాడు.

పెదనాన్న తుపాకి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అంతలో గొనారియా ముందుకొచ్చింది.

"నాదే తప్పు మావయ్యా. పంది వస్తంది, కొట్టు అని తాతకి నేనే చెప్పాను. నాకు సరిగ్గా కనబడలా."

పదకొండేళ్ళ పిల్ల, మొహం తెల్లగా పాలిపోయింది, గొంతు మాత్రం వణకలేదు. తాత పరువు కాపాడాలని అంత నిందనీ నెత్తినేసుకుంది. అది అబద్ధమని ఆ బండ మీద ఉన్నవాళ్ళలో ముగ్గురికి తెలుసు. అందులో ఒకణ్ణి నేను. నేను నోరు మెదపలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

లరెంతు ఆ పిల్లని ఏమీ అనలేకపోయాడు. కోపం జట్టు మీదికి తిప్పాడు.

"అయిపోయిందా? సరదా తీరిందా మీకు? ఇదేమన్నా బడా, పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టడానికి? రేపట్నుంచి ఒక్క పిల్లా మాటు దగ్గరికి రాకూడదు. వస్తే నా కుక్క ఒక్కటి కూడా కొండెక్కదు. చెప్తన్నా."

అందరూ తలలూపారు. పాత కాపుల్లో ఒకాయన "నిజమే, ఆడపిల్లని తెచ్చినప్పుడే అనుకున్నా" అని గొణిగాడు. గొనారియా తల వంచుకుని నిలబడింది. పెదనాన్నకి తప్పించుకునే దారి పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టే ఉంది. ఊరికే ఉంటే చాలు. పిల్ల తప్పుకి ఎవరూ ఆయన్ని నిలదీయరు. నాలుగు రోజులు పోతే ఎవరూ తలుచుకోరు కూడా. ఆ పిల్ల మాత్రం ఇక అడవి మొహం చూడదు, ఆ పిల్ల తర్వాత పుట్టబోయే పిల్లలూ చూడరు.

పెదనాన్న తుపాకి గొట్టం కిందికి మడిచి తెరిచాడు. మిగిలిన తూటా తీసి జేబులో వేసుకున్నాడు. తడుముకుంటూ రెండడుగులు వేసి లరెంతు ఎదుట నిలబడ్డాడు.

"ఆ పిల్ల ఆగమంది" అన్నాడు. "రెండుసార్లు అంది. చెయ్యి కూడా పట్టుకుని లాగింది. నేనే ఆగలా."

"తాతా..." అంది గొనారియా.

"నువ్వు నోరు ముయ్యి." ఆయన మొహం లరెంతు వైపే ఉంది. "లరెంతూ, నాకు కనబడదు. రెండేళ్ళయింది. ఈ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని దాని కళ్ళతో నెట్టుకొస్తన్నా. ఇయ్యాళ దాని మాట కూడా వినకుండా చప్పుడుకి కొట్టా. నా చెవులే గొప్పనుకున్నా. నీ కుక్కని చంపింది నేను, ఆ పిల్ల కాదు."

లరెంతు తలెత్తి చూశాడు.

"రెండేళ్ళా?" అన్నాడు. "రెండేళ్ళుగా నా మనుషులు నీ తుపాకి ముందు తిరిగారా ముసలోడా? నేను తిరిగానా?"

"తిరిగారు."

"ఒక్కడికన్నా చెప్పావా?"

"చెప్పలా. చెబితే మాటు పోతదని భయపడ్డా. మాటు లేకపోతే నేనెవణ్ణి అనుకున్నా."

ఆయన మెడలోంచి పెద్దరికపు కొమ్ము తీసి, తుపాకితో పాటు నా చేతిలో పెట్టాడు. నేనెక్కడ ఉన్నానో తెలియక ముందు వేరేవాడి వైపు చాచాడు. అది చూసి నాకు దుఃఖం ఆగలేదు. తర్వాత గొనారియా వైపు తిరిగాడు.

"నువ్వు ఆగమన్నావు చూడు, ఆ విషయంలో నీ అంత పనిమంతురాలు మన ఇంట్లో పుట్టలా. తర్వాత నాకోసం అబద్ధమాడావు. అది మాత్రం పాడుపని. ఇంకెప్పుడూ ఎవరికోసమూ ఆడమాక. తాత కోసం కూడా ఆడమాక."

గొనారియా అప్పుడు ఏడ్చింది, అందరి ముందూ, వెక్కి వెక్కి. ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి వేయబోయి వెతుక్కుంటుంటే తనే వచ్చి ఆ చేతి కింద నిలబడింది.

ముందు గొణిగిన పాత కాపే గొంతు సవరించుకున్నాడు. "పిల్ల ఆగమంది గదా. ఇంక పిల్లల్ని ఆపేదేముంది?" అన్నాడు. ఎవరూ కాదనలేదు. లరెంతు కుక్కని ఎత్తుకుని ఒక్కడే కొండ దిగి వెళ్ళిపోయాడు.

ఆ రోజు వేరే మాటులో ఒక పంది దొరికింది. పోగులు వేశాం. పోగులు వేసేటప్పుడు మాంసానికి వీపు పెట్టి ఒక పిల్లని నిలబెడతాం. ఒకరు ఒక్కో పోగు మీద చెయ్యి పెట్టి "ఇదెవరిది?" అని అడుగుతారు, పిల్ల చూడకుండానే ఒక్కో పేరు చెబుతుంది. మూడో ఏడు వాళ్ళ పని అది. ఆ రోజు గొనారియా చేతే చెప్పించాం. మొదటి పోగుకే ఆ పిల్ల లరెంతు పేరు చెప్పింది. దాన్ని నేనే తీసుకెళ్ళి వాడి తలుపుకి తగిలించి వచ్చాను. తెల్లారేసరికి అది మా తలుపుకి వేలాడుతోంది.

తర్వాత ఆదివారం పెదనాన్న ఇంట్లోంచి కదల్లేదు. వేటకి వేసుకునే నల్ల కోటు వేసుకుని, బూట్లు కట్టుకుని, పొయ్యి ముందు కూర్చున్నాడట. మరియాంజెలా చెప్పింది. తుపాకి నా దగ్గరే ఉంది. నేను కళ్ళ ఆసుపత్రికి తీసుకెళతానంటే "వసంతం రానీ, చూద్దాం" అన్నాడు.

ఆపై ఆదివారం, తెల్లవారుజామున తోలేవాళ్ళు లోయ మొదట్లో నిప్పు వేసుకుని రొట్టె, గొర్రెపాల చీజ్ తింటున్నారు. నేను ఆ రోజు కొమ్ము మోస్తున్నాను గనక ఎవరెవరు ఏ వైపు దిగాలో చెప్పడానికి వెళ్ళాను. గొనారియా నా వెంట ఉంది, ఇక నా మాటులో కూర్చుంటుంది. అంతలో బాటలో చేతికర్ర టకటకమంది. పెదనాన్న. ఒక్కడే వచ్చాడు, ఊరి నుంచి అంత దూరం, ఆ రాళ్ళల్లో. మోకాలు దగ్గర లాగు చిరిగి ఉంది, పడ్డాడన్నమాట. భుజాన తుపాకి లేదు. మెడలో పాత రేకు డబ్బా కట్టుకున్నాడు, వాయించడానికి.

అందరూ నమలడం మానేశారు. ఆయన నిప్పు వేడి తగిలేదాకా వచ్చి ఆగాడు.

"లరెంతు ఉన్నాడా?"

"ఉన్నా" అన్నాడు లరెంతు, తల తిప్పకుండా.

"కేకలు పెట్టడానికి కళ్ళతో పనిలేదు. నన్ను నీ వెనక దిగనిస్తావా?"

లరెంతు ఆయన వంక చూడలేదు. చేతిలో రొట్టె ముక్క నిప్పులో పడేసి, లేచి, కుక్కల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, అన్నీ విప్పాడు. రమ్మనలేదు, వద్దనలేదు. కుక్కల్ని తోలుకుంటూ లోయలోకి నడిచాడు. పెదనాన్న కుక్కల చప్పుడు ఎటు పోతే అటు, కర్ర ముందు పెట్టుకుని వెళ్ళాడు. ఆపుదామని నేను అడుగు వేస్తే గొనారియా నా చెయ్యి పట్టుకుంది.

మేము మాటుకి ఎక్కి కూర్చున్నాం. కింద తోలేవాళ్ళ కేకలు మొదలయ్యాయి. వాటి మధ్యన రేకు డబ్బా మోత, పెదనాన్న గొంతు. ఆ గొంతుకి డెబ్బై మూడేళ్ళంటే ఎవరూ నమ్మరు. గొనారియా కదలకుండా వింటోంది. నేను పంది మాట మర్చిపోయి వింటున్నాను.

ఉన్నట్టుండి డబ్బా ఆగిపోయింది. కేకలన్నీ ఆగాయి. అడుగున, వాగు దాటే చోట, లరెంతు గొంతు వినబడింది. కోపంగానే ఉంది.

"గుంట మామా, గుంట! ఎడమకి రా. ఇంకాస్త ఎడమకి. ఆ... ఇప్పుడు నా భుజం పట్టుకో."